నా కథానాయకుడు తాగిన సముద్రం

ఒక మనిషిని కుండెడు నీళ్లలో ముంచెయ్యవచ్చంటే మీరు నమ్మరు. నేను మునిగాను. అదీ బోధన్ గ్రంథాలయంలో, మెడలో బంతిపూల దండతో, పట్టపగలు, అందరూ చూస్తుండగా.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర గుమాస్తాను. తీరిక దొరికితే కథలు రాసేవాణ్ణి. చెరకు గురించి ఎవరు చదువుతారులే అని, నా కథలన్నీ సముద్రపు ఒడ్డున ఒక చిన్న పట్నంలో జరిపించేవాణ్ణి. సముద్రాన్ని మాత్రం క్యాలెండర్‌లో తప్ప చూడలేదు. నవీపేట దగ్గర గోదావరికి అవతలి గట్టు తీసేస్తే సముద్రమేనని నా అంచనా!

అలాంటి కథ ఒకటి వారపత్రికలో అచ్చయింది. స్నేహితుడు యాదగిరి సన్మానం పెట్టించాడు. "ఫికర్ జెయ్యకు. నువ్వు సదువు, మేం చప్పట్లు కొడ్తం" అన్నాడు.

చదివాను. దాహంతో సొమ్మసిల్లిన నాయకుడికి జాలరి పిల్ల సముద్రంలో కుండ ముంచి చల్లని నీళ్లిచ్చింది. అతడు గటగటా తాగాడు. చూపులు కలిశాయి. చప్పట్లు మోగాయి.

ముందు వరుసలో మేరీ టీచరమ్మ చెయ్యెత్తింది. యాభై దాటిన మనిషి, బందరు వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చింది.

"ఏవండీ, కుండెడూ తాగేశాడా?"

"తాగిండమ్మా. మస్తు దూప మీదున్నడు."

"సముద్రం ఉప్పగా ఉంటుంది కదండీ!"

ఆ సంగతి నాకు తెలియక కాదు, ఊపులో మరిచాను. ఒప్పుకుంటే సరిపోయేది. కానీ దండ మెడలో పడ్డవాడు ఒప్పుకుంటాడా?

"ఆ ఊరి దగ్గర జర తియ్యగుంటదమ్మా."

యాదగిరి నన్ను కాపాడబోయాడు. "మన చక్కెర గోదాట్లె కొట్టుకపోయి కలిసిందేమో మేడం!"

పైకప్పు లేచిపోయేలా నవ్వారు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఆ నీళ్లు కుండెడు తాగినవాడు చెంబు పట్టుకుని పరిగెడతాడండీ. ప్రేమించే తీరికెక్కడిది?" అంది.

వారం రోజులు కలం ముట్టలేదు. బండ్లవాళ్లు కాటా దగ్గరే అడిగేవారు, "సారూ, ఇయ్యాల ఉప్పగనా, తియ్యగనా?" ఇక రాయనని ఇంట్లో మా అవ్వకు చెప్పేశాను. అవ్వ కలం తుడిచి గూట్లో పెట్టింది. అది చూస్తే ఏడుపొచ్చింది.

ఆదివారం చర్చి నుంచి టీచరమ్మ నేరుగా మా ఇంటికొచ్చింది.

"నవ్వాను, తప్పే నాయనా. కానీ ఆ పిల్ల కుండ అందించిన తీరుకి మా ఊరు గుర్తొచ్చింది. నీ చెయ్యి మంచిది. చూసింది రాయవయ్యా. నీ కాటా ముందు రోజూ ఎంతమంది నిలబడరు!"

రాశాను. బండ్ల వరుసలో రెండు రోజులు చిక్కుకొని, కూతురు పుట్టిన కబురు ఎడ్ల మధ్యనే విని చిందులేసిన సాయిలు కథ. అదే పత్రిక వేసుకుంది. సాయిలును కాటా దగ్గరే, అతడి ఎడ్ల పక్కన కూర్చోబెట్టి చదివి వినిపించాను. అతడు తువ్వాలతో కళ్లొత్తుకున్నాడు.

"సారూ, గిది నా కతే."

నా ఛాతీ ఉబ్బింది.

"గని నా ఎడ్ల పేర్లు మార్చినవేంది? అవి ఇంటే నారాజ్ గావా?"

ఆ రెండు ఎడ్లూ నన్ను అదోలా చూశాయి. అక్కడికక్కడే కాటా మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేశాను: నా కంఠంలో ప్రాణముండగా ఏ సముద్రాన్నీ, ఏ ఎద్దునూ ముందుగా పలకరించకుండా కథలోకి లాక్కురాను.