జీవన్ పాటలో వినబడని చరణం

శంషాబాద్‌లో సరుకుల గోదాములో ఉద్యోగం దొరకకముందు పూర్ణిమ కొన్నాళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించింది. రాక్ సంగీతంతో ఆమెకు పెద్దగా పరిచయం లేదు. అయినా పెద్దమ్మ కొడుకు జీవన్, స్నేహితులతో కలిసి రికార్డు చేసిన మొదటి పాటను ఆమెకే ముందు తెచ్చి వినిపించాడు. 2012 ఎండాకాలం అది.

"అక్కా, మొహమాటం పడకు. ఉన్నదున్నట్టు చెప్పాలె," అన్నాడు.

పాట ఎయిర్‌పోర్టు కింద పోయిన వాళ్ల పొలం గురించి. జీవన్ రాసినప్పుడే పూర్ణిమ చదివింది. జీవన్ తండ్రి కుర్మయ్య బావి గట్టున కూర్చుని రుమాలుతో ముఖం తుడుచుకునే చరణం దగ్గర ఆమెకు ఏడుపొచ్చింది కూడా. ఇప్పుడు ఎంత చెవి పెట్టి విన్నా ఆ చరణంలో గిటార్లే మోగుతున్నాయి. వాటి కింద జీవన్ గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది.

"డ్రమ్ములు మంచిగున్నయ్. మొదట్ల గిటారొక్కటే వస్తది చూడు, అదింక మంచిగుంది. కని చరణంల మాటలు వినబడ్తలేవు. ఆడ గిటార్లు జర తగ్గించు. మాటలు గూడ మనింట్ల మాట్లాడినట్టే పలుకు. నువ్వు 'బాయి' అన్నది నాకే సమజ్ కాలే."

జీవన్ ముఖం మాడ్చుకున్నాడు. "రాక్ గట్లనే ఉంటదక్కా. నీకు ఆర్కెస్ట్రా అలవాటు."

"మరి నన్నెందుకు అడిగినవ్?"

"అందరు మంచిగుందంటున్నరు. నువ్వొక్కదానివే గిట్లంటున్నవ్."

వారం తిరక్కుండా మార్చానంటూ మళ్లీ తెచ్చాడు. మారింది ఒక్కటే, చివర గిటారు ఇంకా పొడుగైంది. పూర్ణిమకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. ఆదివారం, ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోని సాతంరాయిలో జీవన్ వాళ్లు పాటలకని కిరాయికి తీసుకున్న గదికి తనే వెళ్లి, కంప్యూటర్ ముందు కూర్చుంది.

"గిటార్లు బంద్ చెయ్యి. నీ గొంతొక్కటే వినిపించు."

జీవన్ చాలాసేపు నసిగి వినిపించాడు. చరణం మధ్యలో గొంతు వెనక విమానం దిగుతున్న మోత ఉంది.

"గొంతు పెంచితే అది గూడ పెరుగుతది. అందుకే గిటార్లు పెంచిన," అన్నాడు మెల్లగా.

"ఇది ముందే చెప్తే ఏం పోయింది? మళ్ల పాడుదువు గద."

"మళ్ల పాడితే గట్ల రాదక్కా. ఆ దినం పొద్దుగాల బాపుతోని కొట్లాడి వచ్చి పాడిన."

పూర్ణిమకు కోపం చల్లారలేదు కానీ గొంతు తగ్గింది. "గట్లనే రాకపోతే ఇంకో తీరు వస్తది. ముందైతే పాడు."

పాడాడు. విమానం వచ్చిన ప్రతిసారీ ఆపి, మళ్లీ ఎత్తుకున్నాడు. మొదట్లో పొడిపొడిగా వచ్చింది. విసిగి, స్టైలు మర్చిపోయాక మాటలు సాఫుగా పడ్డాయి. ఆ ఒక్క చరణం దగ్గరే గిటార్లు తగ్గించడానికి ఒప్పుకున్నాడు. చివరి గిటారును మాత్రం ఎంత చెప్పినా ముట్టనివ్వలేదు.

పాట పూర్తయ్యాక అందరూ జీవన్ ఇంటికి వచ్చి కుర్మయ్యకు వినిపించారు. మొదట "ఇంత సప్పుడేందిరా," అని చెవులు మూసుకోబోయాడు. చరణం రాగానే చేతులు దించాడు.

"మన బాయి గురించేనా?"

"అవు బాపు."

కుర్మయ్య పాట అయ్యేదాకా లేవలేదు. స్నేహితులు సంబరంగా చరణాన్ని మెచ్చుకుంటుంటే, "ఆడ గిటార్లు తగ్గించాల్నని నాకే అనిపించింది," అన్నాడు జీవన్. పూర్ణిమ పళ్లు కొరుక్కుని, టీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి వెళ్లింది.