‘వాస్తు తర్వాత’ అనే ఫోల్డరు

డ్రాఫ్ట్స్‌మన్‌గా నా మొదటి పోస్టింగూ చివరి పోస్టింగూ దిల్‌సుఖ్‌నగర్‌లోనే. కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న చిన్న స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ ఆఫీసు. ఎనిమిదేళ్లు చేశాక మెడ ఎముకలు అరిగాయని డాక్టరు చెబితే, ముప్పై రెండో ఏట పదవీ విరమణ చేశాను. వీడ్కోలు సభలో సమోసాలు పెట్టారు. శాలువా నేనే వద్దన్నాను, మెడ నొప్పి కదా. ఇక్కడ చెప్పేది ఉద్యోగం ఆరో ఏట, వానలు మొదలైన వారంలో జరిగిన సంగతి.

మా వృత్తిలో వరస ఇలా ఉంటుంది: ఆర్కిటెక్టు ఇంటి ప్లాను ఇస్తారు, ఇంజనీరు బరువులు లెక్కకడతారు, డ్రాఫ్ట్స్‌మన్ గీస్తాడు, మేస్త్రి తవ్విస్తాడు. తప్పు పైనుంచి కిందికి ఇదే వరసలో దిగుతుంది. తిట్లు మాత్రం కిందినుంచి పైకి ఎక్కుతూ నా దగ్గర ఆగుతాయి.

ఆ పని తుర్కయంజాల్‌లో నాలుగంతస్తుల ఇల్లు. ఆర్కిటెక్టు మేడమ్ ఆఫీసు ఎల్‌బీ నగర్‌లో. ఆమె వాడే సాఫ్ట్‌వేర్ వేరు, మాది వేరు. మాది పాతది. ఆమె ప్లానును మేం కాపీ చెయ్యం, లింకు చేస్తాం. అంటే ప్లాను ట్రేసింగ్ కాగితంలా అడుగున కనిపిస్తుంది, దానిమీద మేం పునాదులు గీస్తాం. లింకులో బొమ్మ ఉండదు. ఏ ఫోల్డరులో ఏ పేరుతో ఉందో ఆ చిరునామా మాత్రమే ఉంటుంది.

ప్లాను అంతా అయ్యాక ఓనరు వాస్తు పండితుణ్ణి తెచ్చాడు. ఈశాన్యంలో ఉన్న మెట్లు నైరుతికి మారాయి, ఖాళీ అయిన ఈశాన్యంలోకి భూమిలో నీళ్లు నిలవచేసే సంపు వచ్చింది. మేడమ్ కొత్త ప్లానుకు పాత పేరే ఉంచి, ‘వాస్తు తర్వాత’ అని చక్కగా తెలుగులో పేరు పెట్టిన ఫోల్డరులో వేసి పంపారు. నేను ఆ ఫోల్డరును అలాగే మా పని ఫోల్డరులో పెట్టి, అందులోని ప్లానుకు లింకు ఇచ్చి, ఫైలు తెరిచి, పునాదులు గీసి, మా ఇంజనీరు ప్రసాదరావు గారి సంతకం తీసుకుని సైటుకు పంపాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున తొమ్మిదిన్నరకు మేస్త్రి యాదయ్య ఫోన్ చేశాడు. నల్లగొండ మనిషి. నాలాగే వెటకారం లేనిదే మాట్లాడడు. మా ఇద్దరికీ అందుకే పడుతుంది.

“తమ్మీ, ఈశాన్యం మూలకు నాలుగు పెద్ద గుంతలు గీసినవ్. ఓనరేమో గాడ సంపు అంటుండు. సంపుల పిల్లర్ లేపాల్నా, పిల్లర్ల నీళ్లు పొయ్యాల్నా?”

మామూలుగా అయితే దీనికి నా దగ్గర మూడు జవాబులు ఉండేవి. ఆ రోజు ఒక్కటీ వాడలేదు. “యాదన్నా, జర ఆగు. చూసి చెప్త” అని పెట్టేశాను.

ఫైలు తెరిచాను. లింకుల పట్టికలో రెండు గడులు ఉంటాయి: ప్లాను ఉండాల్సిన చోటు, ప్లాను దొరికిన చోటు. ఆరేళ్లలో ఆ రెండూ పోల్చి చూసింది ఎన్నిసార్లు అంటే, ఒక్కసారీ లేదు. మొదటి గడిలో వరసగా ప్రశ్నార్థకాలు ఉన్నాయి. మా పాత సాఫ్ట్‌వేరుకు తెలుగు రాదు. ‘వాస్తు తర్వాత’ దానికి ‘????? ???????’. రెండో గడిలో మా సొంత ఫోల్డరే ఉంది. చిరునామా చదవలేకపోతే అది కిక్కురుమనకుండా పక్కనే అదే పేరుతో ఇంకో ఫైలు ఉందేమో వెతుక్కుంటుంది. ఉంది. వాస్తుకు ముందటి ప్లాను. ఎందుకైనా మంచిదని నేనే దాచిపెట్టాను. అడుగున అది కనిపిస్తే, కొత్తదే అనుకుని దానిమీద గీశాను.

మెట్ల గది కప్పు మీదే నీళ్ల ట్యాంకు ఉంటుంది. ఆ బరువు మొయ్యడానికే నాలుగు పెద్ద పునాదులు. అవి ఇప్పుడు సంపులో ఉన్నాయి. ట్యాంకు నిలవబోయే నైరుతిలో చిన్నవి ఉన్నాయి. పదింటికి కాంక్రీటు బండి. గడియారం తొమ్మిది నలభై.

యాదయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. అప్పుడొక ఆలోచన వచ్చింది, దాచను: పాత లింకు తీసేసి కొత్తది పెట్టి, “మీకు పంపింది సరైనదే” అంటే ఎవరికి తెలుస్తుంది? సైటులో ఉన్న కాగితానికి తెలుస్తుంది. దానిమీద సంతకం ప్రసాదరావు గారిది. వెళ్లి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“తప్పు ఎవరిదో సాయంత్రం తేలుద్దాం గానీ, ముందు వెళ్లవయ్యా. పోలీసులొస్తే జీపు ముందు నేనెక్కాలి, నువ్వు నా వెనకాల.”

స్కూటీ మీద బయల్దేరాను. ఎల్‌బీ నగర్ సిగ్నల్ దగ్గర ఆగి యాదయ్యకు మళ్లీ ఫోన్ చేశాను, ఎత్తలేదు. కళ్ల ముందు ట్యాంకు నిండుతూ ఉంది. దాని కింద ఎవరో మెట్లెక్కుతున్నారు. ఓనరుకు ఇద్దరు మనవరాళ్లని అంతకుముందు ఎప్పుడో విన్నాను. ఆ ముక్క అప్పుడే గుర్తు రావాలా? సాగర్ రోడ్డెక్కాక నా ముందే ఒక కాంక్రీటు బండి డ్రమ్ము గిర్రున తిప్పుకుంటూ పోతోంది. అది మాదేనేమోనని దాన్ని దాటడానికి చేసిన ప్రయత్నం ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. అది వేరే సైటుకు మళ్లింది. అప్పుడు ఇంకా భయమేసింది. అంటే మాది ముందే చేరిందన్నమాట.

చేరింది. సైటులో కాంక్రీటు పడుతున్న చప్పుడు. నేను గట్టు మీద నిలబడి లెక్కపెట్టాను. ఆగ్నేయం మూల పోశారు, మధ్య వరస పోస్తున్నారు. ఈశాన్యంలో నాలుగు, నైరుతిలో నాలుగు గుంతలు ఖాళీగా ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. ఖాళీయే.

యాదయ్య చెయ్యి దులుపుకుంటూ వచ్చాడు. ఫోన్ చొక్కాతో పాటు మోటారు షెడ్డులో ఉందట.

“నేను ఆపమని చెప్పనే లేదు గదన్నా. ఎట్ల ఆపినవ్?”

“సంపు ముచ్చట తీస్తే నువ్వు జోకెయ్యలే. ఆరేండ్లల్ల నువ్వు జోకెయ్యని దినం నాకు యాదికి లేదు. ఏందో పరేషాన్ ఉందనుకున్న. మెట్లు నైరుతికి పోయినయని ఓనరన్నడు. గా రెండు మూలలు పక్కకు పెట్టి, మారనివి పోయిస్తున్న.”

నేను ఇటుకల కుప్ప మీద కూర్చున్నాను. నైరుతి గుంతలు వెడల్పు చేసి, సరైన డ్రాయింగుతో తర్వాతి వారం పోశారు. తప్పు నాదని సాయంత్రం పెద్దగా చర్చ లేకుండానే తేలింది.

దీనివల్ల నేర్చుకున్నది ఇది. లింకు పూర్తిగా తెగితే అడుగున ప్లాను కనబడదు, ఎవరైనా పట్టుకుంటారు. తెగి, ఇంకోదానికి అతుక్కున్నప్పుడే ఏమీ తేడా కనిపించదు. అప్పటినుంచి మా ఆఫీసులో ఫోల్డరు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాం, పాత ప్లాను పని ఫోల్డరులో ఉంచలేదు, రెండు గడులూ పోల్చి చూడకుండా ప్రింటు తియ్యలేదు. డ్రాయింగు సైటుకు చేరాక మేస్త్రికి ఫోన్ చేసి రెండే అడిగేవాళ్లం: మెట్లు ఏ మూల, సంపు ఏ మూల. ఆ ఫోనులో నేను జోకులు వెయ్యడం మానేశాను. యాదయ్య రెండుసార్లు పని ఆపాడు. మూడోసారి నుంచి, మొదట ఒక జోకు వేసి తర్వాత అడగమని ప్రసాదరావు గారు ఆర్డరు వేశారు.