మైలేజీ కోసం మార్చిన బండి

ఈ సాయంత్రం మా ఇంటికి ఒక చుట్టపాయన వచ్చారు. కారు కొనాలట, సలహా కావాలట. సలహా అడగదగిన మనిషి మా బావగారేనని ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. మా ఆయనకి అన్నగారు, గుంటూరు యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారి. లోకంలో ఏ వస్తువునైనా మిరపకాయలాగే తొడిమ పట్టుకుని తిప్పి, రంగు చూసి, వాసన చూసి విలువ కట్టేయగలనని ఆయన నమ్మకం. వరండాలో కాలు మీద కాలు వేసుకుని, "హైబ్రిడ్ తీసుకోరా, కళ్లు మూసుకుని తీసుకో. పెట్రోలు తాగదది, వాసన చూసి వదిలేస్తుందంతే" అని చెబుతున్నారు. మా పాత బండి ఇచ్చేసి హైబ్రిడ్ తెచ్చిన తెలివితేటలన్నీ ఆయనవేనట. అది ఒకసారి దారిలో ఆగిపోయిందన్న సంగతి చుట్టపాయన ఎక్కడో విని ఉన్నారు, అడిగారు. "అదా, మా మరదలు కంగారు మనిషిలే. బండి కాస్త నెమ్మదించిందంటే చాలు, ఆడవాళ్లకి ప్రళయం వచ్చినట్టే" అని బావగారు నవ్వారు. నేను కాఫీ గ్లాసులు అక్కడ పెట్టి లోపలికి వచ్చేశాను. ఆయన చెప్పిన కథలో నా కూతురు లేదు. పాప నిద్రపోయింది కాబట్టి, ఆ కథని నేను మళ్లీ మొదటినుంచి చెప్పుకుంటున్నాను.

మొదట పాత బండి. నేను కాపురానికి వచ్చేసరికే అది మా చిలకలూరిపేట ఇంటి ముందు ఒక పెద్ద తెల్ల గేదెలాగా నిలబడి ఉండేది. డీజిల్ బండి. ఊరంతా ఎక్కినా ఇంకా ఇద్దరికి చోటుంటుందని బావగారు గొప్పగా చెప్పేవారు, కానీ మనుషులకంటే మిరపకాయలే అందులో ఎక్కువ తిరిగాయి. రైతుల కళ్లాల నుంచి తెచ్చే శాంపిల్ సంచులన్నీ వెనక సీటు మీదే ప్రయాణం చేసేవి. డిక్కీలో పెడితే వేడికి రంగు పోతుందట, రంగు పోతే ధర పోతుందట. కనుక ఏసీ గాలి ముందు మిరపకాయలకి, తర్వాత మనకి. ఏసీ వేయగానే డ్యాష్‌బోర్డు సందుల్లోంచి ఎర్రటి పొడి సన్నగా లేచేది. చీర మడతల్లో, నీళ్ల సీసా మూతలో, ఒకసారి నా చెవి కమ్మలో కూడా మిరప గింజలు దొరికాయి. మాది చీరాల, చేనేత చీరల వ్యాపారం చేసే ఇల్లు. పుట్టింటి వాసన అంటే నాకు గంజి వాసన, కొత్త నూలు వాసన. ఈ ఇంటి వాసన ఏమిటో నాకు మొదటి రోజే ఆ బండిలో తుమ్ముల రూపంలో తెలిసిపోయింది. ఒకసారి అందరం అమరావతి గుడికి వెళ్లాం. ఇంటిల్లిపాదీ తడి రుమాళ్లు ముక్కుకి కట్టుకుని కూర్చుంటే, బావగారు ఒక్కరే రుమాలు లేకుండా ఛాతీ విరుచుకుని కూర్చున్నారు, ఘాటు పీల్చగలగడం పరమవీరుడి లక్షణమైనట్టు.

పాప పుట్టాక అది వేళాకోళం కాకుండా పోయింది. ఏడాది నిండకముందే పిల్లకి పిల్లికూతలు మొదలయ్యాయి. కళ్లాలు ఎర్రబడే రోజులొస్తే చాలు, ఛాతీలో సన్నటి ఈల. గుంటూరు డాక్టరుగారు స్టెతస్కోపు తీసి, "ఈ పిల్లకి దుమ్ము, ఘాటు తగలకూడదమ్మా" అన్నారు. గుంటూరులో కూర్చుని ఆ మాట అనడం సముద్రంలో కూర్చుని తడవకూడదని చెప్పడమేనని నాకూ తెలుసు. కానీ కనీసం బండిలోనైనా తగలకుండా చూడొచ్చు కదా. ఇంటికి వచ్చి, ఆ బండి మార్చేద్దామన్నాను. బావగారు నా వంక కూడా చూడలేదు, తమ్ముడి వంక చూసి అన్నారు: "మిరపకాయల మధ్య పుట్టిన పిల్ల మిరపకాయకి దగ్గడమేంట్రా? అలవాటు చెయ్యండి, అదే పోద్ది." మా ఆయన అన్నగారి మాటకి తల ఊపారు. మా ఆయన తల అన్నగారి మాటకి ఊగడానికే మెడ మీద ఉందని అప్పటికి నాకు అర్థమైపోయింది.

ఈ ఇంట్లో పిల్ల దగ్గుకి బండి మారదు. మరి దేనికి మారుతుందో కనిపెట్టడానికి నాకు కొంతకాలం పట్టింది. మా ఆయన భోజనం చేస్తూ ఫోన్లో కార్ల వీడియోలు చూస్తారు. అందులో ఎవరో ఒక కుర్రాడు హైబ్రిడ్ కారు లీటరుకి ఎంత దూరం వెళ్తుందో అరిచి చెబుతుంటే ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయేది. ఆ మరుసటి రోజునుంచి నేను దగ్గు మాట ఎత్తలేదు. పెరుగన్నం వడ్డిస్తూ మైలేజీ మాట ఎత్తాను. డీజిల్ బంకు దగ్గర క్యూ గురించి, యార్డుకి రోజూ పోయి రావడానికి అయ్యే ఖర్చు గురించి, ఎవరింటి అల్లుడో హైబ్రిడ్ కొన్నాడన్న సంగతి గురించి. నెల తిరగకుండానే బావగారు, "ఒరేయ్, ఆ డొక్కు బండిని ఇంకా ఎన్నాళ్లు మేపుదాంరా?" అన్నారు. పిల్ల ఊపిరికి కదలని రాయి పెట్రోలుకి కదిలింది. నాకు సంతోషం కలగలేదు, రోత వేసింది. అయినా కట్టుకోవలసిన చీర కట్టుకుని షోరూముకి బయల్దేరాను.

షోరూములో బావగారు కొత్త కారు చుట్టూ తిరిగి ఛార్జింగ్ పెట్టే చోటు వెతకడం మొదలుపెట్టారు. "సార్, దీనికి ఛార్జింగ్ పెట్టక్కర్లేదు. నడుస్తుంటే బ్యాటరీ అదే నింపుకుంటుంది" అని అక్కడి కుర్రాడు చెప్పాడు. "వైరు కట్ చేసి దాచేశారేమో చూడరా" అని బావగారు తమ్ముడి చెవిలో అన్నారు, షోరూమంతా వినబడేట్టు. తర్వాత పాత బండికి ధర కట్టేవాడు వచ్చాడు. తలుపు తీసి లోపలికి వంగాడు, వరసగా తుమ్మాడు, బయటికి వచ్చి కళ్లు తుడుచుకుని మళ్లీ వంగాడు. "ఏంటి సార్ ఇది?" అన్నాడు. "తేజ రకం మిర్చి. ఫస్టు క్వాలిటీ" అని బావగారు గర్వంగా చెప్పారు. వెనకటి రోజుల్లో మిర్చి బేరం తువ్వాలు కింద జరిగేదట. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారట, పక్కవాడికి తెలియకుండా. ఇప్పుడు యార్డులో అంతా కంప్యూటర్లే అయినా బావగారి చెయ్యి ఆ విద్య మర్చిపోలేదు. భుజం మీది తువ్వాలు తీసి టైకట్టుకున్న ఆ మనిషి చేతి మీద కప్పి వేళ్లు పట్టుకున్నారు. అతను బిత్తరపోయి, "సార్, ఏం చేస్తున్నారు సార్?" అని చెయ్యి లాక్కున్నాడు. "బేరం తెలీనోళ్లని కూర్చోబెట్టారు ఇక్కడ" అని బావగారు విసుక్కున్నారు. చివరికి వాళ్లు ఇస్తామన్న దానికే ఇచ్చి, తన వేళ్లు నొక్కి గెలిచానని ఇంటికొచ్చి చెప్పుకున్నారు.

కొత్త కారు వచ్చిన రోజు నిమ్మకాయలు తొక్కించారు, కొబ్బరికాయ కొట్టారు, సీట్ల మీది ప్లాస్టిక్కు మాత్రం తీయనివ్వలేదు. తీస్తే పాతదైపోతుందట. ఎండకి ఆ ప్లాస్టిక్కు పాప తొడలకి అతుక్కుంటే, నేను గొడవ పెడితే, దాని బదులు మందపాటి రెక్సిన్ తొడుగులు కుట్టించుకొచ్చారు. వెనక సీటు పక్కన అడుగున ఒక జాలీ ఉంది. బ్యాటరీకి గాలి అందేది దానిలోంచేననీ దాన్ని మూయకూడదనీ కారు అప్పగించేటప్పుడే చెప్పారు. నేను విన్నాను. మగవాళ్లిద్దరూ అప్పుడు తాళం చేత్తో పట్టుకుని ఫొటో దిగుతున్నారు. తొడుగు ఆ జాలీ మీదిదాకా వచ్చిందని నేను చూపిస్తే, "సీటు కింద బొక్క ఎందుకమ్మా, దుమ్ము దూరుద్ది. మూసిందే మంచిది" అన్నారు బావగారు. మరి మా ఆయనో, ఎదురుగా తెర మీద మైలేజీ అంకె తప్ప ప్రపంచంలో మరేదీ కనబడని స్థితికి చేరారు. అంకె తగ్గుతుందని ఏసీ ఆపేసేవారు. రోడ్డుకి రెండు వైపులా మిరపకాయలు ఆరబోసి ఉంటే అద్దాలు దించేవారు. "చూశావా, ఎంత పెరిగిందో" అని నాకు అంకె చూపిస్తే, నేను ఒళ్లో ఉన్న పిల్ల డొక్కలు చూసుకునేదాన్ని. వారం తిరక్కుండానే వెనక సీటు మీదికి శాంపిల్ సంచులు ఎక్కాయి. ఏసీ బాగా చల్లగా ఉందట, రంగు నిలుస్తుందట. మైలేజీ అంకె కోసం ఆగే ఏసీ, సంచులుంటే మాత్రం ఆగేది కాదు.

ఆ మధ్యాహ్నం సంగతికి వస్తాను. మార్చి నెల. పొద్దున్నుంచే పాప దగ్గుతోంది, మందు పీల్పించినా ఈల తగ్గలేదు, మధ్యాహ్నానికి డొక్కలు లోపలికి లాగేస్తున్నాయి. ఊళ్లో డాక్టరుగారు చూసి, వెంటనే గుంటూరు తీసుకెళ్లమన్నారు. సంచులు దించడానికి టైము లేదని అలాగే బయల్దేరాం. నేను ముందు సీట్లో పాపని నిటారుగా పట్టుకుని కూర్చున్నాను. హైవే ఎక్కి కొంత దూరం వెళ్లామో లేదో, తెర మీద ఎర్రటి హెచ్చరిక వెలిగింది. కారు శక్తి పోయినట్టు ఈడ్చుకుంటూ వెళ్లి పక్కకి ఆగింది. మా ఆయన దిగి బానెట్ ఎత్తారు, బ్యాటరీ ఉన్నది వెనకైతే. తర్వాత అన్నగారికి ఫోన్ చేశారు. స్పీకరులో ఆయన గొంతు నాకు స్పష్టంగా వినిపించింది: "ఒరేయ్, బండి వదిలి ఎక్కడికీ పోమాక. లోపల శాంపిల్సున్నాయి. వేడెక్కుంటది, కాసేపాగితే అదే లేస్తది."

"కాసేపు చూద్దాం, కంగారు పడకు" అన్నారు మా ఆయన.

"పాప ఆగుతుందా అండీ?" అన్నాను.

నేను పిల్లని భుజాన వేసుకుని రోడ్డు అంచుకి వెళ్లి చెయ్యి ఊపడం మొదలుపెట్టాను. పెద్ద పెద్ద బండ్లు హారన్ కొట్టుకుంటూ పోయాయి. పాప పెదాల రంగు మారుతోందని నాకు అనుమానం. ఎండ వల్లేమోనని నాకు నేనే చెప్పుకుంటున్నాను. చివరికి ఒక పాత చిన్న కారు ఆగింది. పెద్ద వయసు ముస్లిం దంపతులు, గుంటూరులో పెళ్లి బట్టలు కొనడానికి వెళ్తున్నారు. ఆవిడ వెనక తలుపు తీసి, "ఎక్కమ్మా, ముందెక్కు. ఎవరు, ఏంటి అన్నది తర్వాత చెప్దువుగాని" అన్నారు. నేను వెనక్కి తిరిగి మా ఆయనని చూశాను. "నువ్వు వెళ్లు. బండి దగ్గర నేనుంటాను" అన్నారు. కారు కదిలింది. ఆవిడ పాప గౌను బొత్తాలు విప్పి, కొంగుతో విసురుతూ, "నాన్నా, గాలి తీసుకో, ఇదిగో వచ్చేశాం" అని దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. బండి నడుపుతున్న వాళ్లాయన హారన్ మీది చెయ్యి తీయలేదు.

ఆసుపత్రిలో మాస్కు పెట్టారు, మందు ఆవిరి పట్టారు, ఆక్సిజన్ ఇచ్చారు. సాయంత్రానికి ఈల తగ్గి, పాప నా వేలు పట్టుకుని నిద్రపోయింది. ఆవిడ పెళ్లి బట్టల సంగతి మర్చిపోయి నా పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. అప్పుడు వచ్చారు మా ఆయన, చొక్కా నిండా గ్రీజు మరకలతో. గుమ్మం దగ్గర నిలబడి, "బండిని సర్వీసుకి చేర్చాను. బ్యాటరీకి ఏం కాలేదట" అన్నారు. ఆ తర్వాత, "పాప ఎలా ఉంది?" అన్నారు.

ఆవిడ నా వైపు వంగి మెల్లగా అడిగారు: "ఎవరమ్మా, మీ డ్రైవరా?"

"కాదండీ. పాప వాళ్ల నాన్న" అన్నాను.

ఆవిడ లేచి ఆయనకి చోటిచ్చి, పాప నుదురు నిమిరి వెళ్లిపోయారు. మా ఆయన ఆ చోట్లో కూర్చోలేదు, రాత్రంతా నిలబడే ఉన్నారు.

సర్వీసు వాళ్లు బ్యాటరీ ఫ్యాను విప్పితే పిడికెళ్లకొద్దీ మిరప గింజలు, తొక్కలు బయటపడ్డాయి. తొడుగు జాలీని సగం మూసేసిందనీ, మిగతా సగంలోంచి ఇవి లోపలికి పోయాయనీ, గాలి తగలక వేడెక్కి ఆగిపోయిందనీ అన్నారు. బావగారికి అది చెబితే, "హైబ్రిడ్ అంటేనే అంతరా. పత్తి విత్తనం చూళ్లేదూ, మొదటేడు విరగ్గాస్తది, ఆనక అంతా పురుగే" అని తేల్చేశారు. నేను కత్తెర తెచ్చి ఆ రెక్సిన్ తొడుగు వాళ్ల ముందే కోసేశాను. ఇకనుంచి శాంపిల్స్ ఆటోలో వెళ్తాయన్నాను. "ఆటో కిరాయి ఎవరిస్తారమ్మా?" అన్నారు బావగారు. "కారు మిగిల్చిన పెట్రోలు డబ్బులున్నాయిగా బావగారూ" అన్నాను. ఈ ఇంట్లో ఆయనకి ఎదురు చెప్పడం నాకు అదే మొదలు. ఆయన తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఎవరినీ అడగలేదు, చెప్పానంతే. ఇప్పుడు తాళం నా దగ్గరే ఉంటుంది.

పాపకి దగ్గు చాలావరకు తగ్గింది. మా ఆయన మాత్రం ఆ రోజునుంచి ఇంట్లో అడుగు పెడుతూనే, చెప్పులు విప్పకముందే, "పాప ఎలా ఉంది?" అని అడుగుతారు. అది ఆయన కాళ్లకి అడ్డంపడి ఆడుకుంటున్నా అడుగుతారు. బాగుందని నేను చెబుతాను. ఏం సరిచేయాలని చూస్తున్నారో నాకు తెలుసు, ఒక్కోసారి జాలి కూడా వేస్తుంది. కానీ ఒక సాయంత్రం బండి మాటకంటే ముందు అనవలసిన మాటని, ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు ముందుగా అన్నా, అది వెనక్కి నడిచి ఆ సాయంత్రంలోకి వెళ్లి చేరదు.