ఎవరినీ అడగకుండా బీదర్ దాకా

మా శిక్షణ గృహం యాప్రాల్‌లో ఉంది. విదేశాలకు సువార్త పనికి వెళ్లేవాళ్లను అక్కడ ఏడాది పాటు తయారు చేస్తారు. తెల్లవారుజాము ప్రార్థన, వాక్య ధ్యానం, వెళ్లబోయే దేశపు భాష, వంతుల ప్రకారం గిన్నెలు తోమడం, అన్నీ అయ్యాక చివర ఒక విశ్వాస ప్రయాణం ఉంటుంది. ఇద్దరిని జతచేసి తెలియని ఊరికి పంపుతారు. రానుపోను రైలు టికెట్లు చేతికిస్తారు. అవి తప్ప పైసా ఉండకూడదు, ఫోన్ ఉండకూడదు. విశ్వాసుల ఇళ్లకు వెళ్లకూడదు. ఆకలి వేసినా, తల దాచుకోవడానికి చోటు లేకపోయినా ఆ మాట మనిషిని అడగకూడదు, దేవునికే చెప్పాలి. ఎవరైనా తమంతట తాము పెట్టింది మాత్రం వద్దనకుండా తినాలి. ఒక రాత్రి గడిపి వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఎవరు వెళ్తారో, ఎవరు తర్వాతి బ్యాచ్ దాకా ఆగుతారో అప్పుడే తేలుతుంది.

నాకు ఆగే వీలు లేదు. పదో తరగతిలో సేవకు సమర్పించుకున్నప్పటి నుంచి మా నాన్న ఓపిక పడుతూనే ఉన్నారు. ఈసారి గేటు దగ్గర దింపుతూ, "ఈ బ్యాచ్‌ల పంపిస్తే పో బిడ్డా, నేనేం అడ్డం రాను. లేకుంటే బీఎడ్‌ల చేరు. ఇంకో ఏడాది ప్రార్థన చేస్తనంటే మనింట్ల సుత చేసుకోవచ్చు," అన్నారు. ఆయన కూడా విశ్వాసే. కాకపోతే రైల్వేలో పనిచేసి రిటైరైన విశ్వాసి, ఏ బండికైనా ఒక టైము ఉండాలంటారు.

నా జత రూతు. పాలకొల్లు వైపు పిల్ల, నాకంటే చిన్నది. మైకు లేని మీటింగుల్లో పాడి పెరిగిన గొంతు. ఇద్దరం కంబోడియాకు వెళ్లాలని పేర్లు ఇచ్చాం. మాకు వచ్చిన ఊరు బీదర్.

తెల్లవారుజామున ఐదున్నరకు యాప్రాల్‌లో సిటీ బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు డబ్బు కట్టే పని లేదు. అలా మా విశ్వాస ప్రయాణంలో మొదటి అవసరం తీర్చింది రాష్ట్ర ప్రభుత్వం. రూతు స్తోత్రం మాత్రం ప్రభువుకే చెప్పింది. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఇడ్లీ బండ్ల పక్క నుంచి ఊపిరి బిగబట్టి నడిచి జనరల్ పెట్టె ఎక్కాం. కిటికీ పక్కన చోటు దొరికింది. బండి ఏడు దాటాక కదిలింది. బేగంపేట, లింగంపల్లి వెళ్లిపోయాయి. పల్లీలు, చాయ్, సమోసా వరసగా మా ముందు నుంచే పోయాయి.

లింగంపల్లి దాటాక రూతు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

"తండ్రీ, పొద్దున్నించి మేమేమీ తినలేదని నీకు తెలుసు. మా దగ్గర రూపాయి కూడా లేదని నీకు తెలుసు. బీదర్‌లో మాకు తెలిసినవాళ్లెవరూ లేరని నీకు తెలుసు ప్రభువా. ఈ పెట్టెలోనే నువ్వు సిద్ధపరచిన హృదయాలున్నాయని మేము నమ్ముతున్నాం."

నియమానికి ఇది ఎక్కడా విరుద్ధం కాదు. ఆమె ఏ మనిషినీ అడగలేదు. పెట్టెలో సగం మందికి వినబడడం ఆమె గొంతు తప్పు.

ఎదురుగా ఒక జంట కూర్చుని ఉన్నారు. భార్య ఒళ్లో పెద్ద స్టీలు డబ్బా ఉంది. రూతు ఆమెన్ అనేదాకా ఆగి ఆవిడ అడిగింది.

"ఏం బిడ్డా, దేవునికి చెప్తున్నవా, నాకు చెప్తున్నవా?"

"దేవుడికేనండీ," అంది రూతు.

"మరి ఆయనకు ఎర్కే అనుకుంట గంత వివరంగ చెప్తవేంది?"

పేపరు వెనక నుంచి ఆమె భర్త అన్నాడు: "నీకు ఇనవడాలె గదనే. ఇనవడ్డది. ఇగ డబ్బా తియ్యి."

ఆమె పేరు సుగుణ. అల్వాల్‌లో బట్టల దుకాణం ఉంది. బీదర్‌లో నడుము లోతు నీళ్లలో నడిచిపోయి చూసే గుహ నరసింహస్వామి దర్శనానికి భర్త యాదగిరితో వెళ్తోంది. ఇవన్నీ డబ్బా మూత తీసేలోపే చెప్పేసింది. మూత తీయగానే పోపు, నిమ్మకాయ, పసుపు వాసన ఒక్కసారి మా ముఖాన కొట్టింది. పులిహోర. రూతు నా మోచేయి నొక్కింది. లింగంపల్లి దాటాక అడిగితే శంకర్‌పల్లి రాకముందే జవాబు!

"తెల్లారగట్ల లేచి చేసిన. స్వామికి పెట్టి తెచ్చిన. కండ్లకద్దుకొని తినుండ్రి," అంది సుగుణక్క.

మా చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

ఈ సంగతి మా వాళ్లకు చెప్పనక్కర్లేదు, తక్కినవాళ్ల కోసం చెబుతున్నాను. ఎవరైనా భోజనానికి పిలిస్తే, పెట్టింది ఏమిటని ఆరా తీయకుండా తినవచ్చని బైబిల్లో అపొస్తలుడు మాకు సెలవిచ్చాడు. అయితే ఇది వేరే దేవుళ్లకు అర్పించినదని ఎవరైనా నోరు తెరిచి చెప్తే తినకూడదు. చిన్నప్పటి నుంచి బడిలో ప్రసాదం పంచే రోజున చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడిన పిల్లలం మేము. సుగుణక్క ఆ ఒక్క మాట అనకుండా ఉంటే మా కడుపులు నిండేవి, మనస్సాక్షి చెడేది కాదు. ఆమె భక్తి కొద్దీ చెప్పింది, మేము భక్తి కొద్దీ ఆగిపోయాం.

"వద్దండీ," అంది రూతు.

"ఏం, కారమా?"

"కాదండీ. దేవుడికి పెట్టింది మేం తినం."

"దేవునికి పెట్టనిది మేం తినం," అంది ఆమె. కోపం లేదు, నిజంగానే ఆలోచనలో పడింది. "గానీ బిడ్డా, నీ దేవుడు నీ మాట ఇన్నడు. నన్ను దెచ్చి ఎదురుంగ కూసోవెట్టిండు. నా డబ్బల ఏమున్నదో సూసుకోకుంటనే కూసోవెట్టిండా?"

ఏడాది శిక్షణలో ఈ ప్రశ్న రాలేదు. సుగుణక్క డబ్బా మూసి సీటు కిందికి తోసింది.

"మరి నాకు?" అన్నాడు యాదగిరి.

"నీకు బీదర్ల."

వికారాబాద్ దాటింది, జహీరాబాద్ దాటింది. దిగేముందు ఆమె మళ్లీ అడిగింది. "రాత్రికి యాడ ఉంటరు?"

"ప్రభువు చూసుకుంటాడండీ."

"ఆయన చూసుకుంటడు తియ్. గుడి తొవ్వల మా చెల్లె ఇల్లుంది, వాళ్లు ఊరికి వొయిండ్రు, తాళంచెవి నా దగ్గర్నే ఉన్నది. నీలం గేటు, ముంగట జామచెట్టు. యాదికుంచుకోండ్రి."

పదకొండు గంటలకు బీదర్‌లో దిగాం. తర్వాత వెళ్లేవాళ్లకు ఒక మాట: కర్ణాటకలో కూడా ఆడవాళ్లకు బస్సు ఉచితమే, కానీ మన ఆధార్ అక్కడ చెల్లదు. కండక్టర్ మర్యాదగానే దింపాడు. కోట దాకా నడిచాం. పరదేశపు భాష ఎదురవుతుందని ఏడాదిగా భయపడి తయారైతే, దారి చెప్పిన చాయ్ అతను మన సికింద్రాబాద్ మోండా మార్కెట్ ఉర్దూలోనే, నేరుగా వెళ్లమని, కంగారు పడొద్దని చెప్పాడు. "సీదా జావ్ బేటా, పరేషాన్ నక్కో హో."

కోట చాలా పెద్దది. ఎర్రటి గోడలు, వేప నీడలు, తాగడానికి నీళ్లు ఉన్నాయి. తినడానికి ఏమీ లేదు. రూతు మళ్లీ ప్రార్థన మొదలుపెట్టింది. వినడానికి చిలుకలు తప్ప ఎవరూ లేకపోవడంతో క్లుప్తంగా ముగించింది. మధ్యాహ్నం మూడింటికి నాకు కళ్లు తిరిగాయి. చేతిదాకా వచ్చిన అన్నం వద్దన్నాం కదా, అది విశ్వాసమా మొండితనమా అని రూతును అడుగుదామనుకున్నాను. ఆ పిల్ల అప్పటికే కీర్తనలు పాడే ఓపిక లేక హమ్ చేస్తోంది.

సాయంత్రం గుడి దారిలో నీలం గేటు కనిపించింది. వెళ్లి దాని ముందు నిలబడ్డాం. అక్కడ మాకు కొత్త చిక్కు వచ్చింది.

"బెల్ కొట్టు," అన్నాను.

"కొడితే అడిగినట్టు కాదా అక్కా?"

"వాళ్లే రమ్మన్నారుగా."

"రమ్మనలేదు. గేటు గుర్తు చెప్పారంతే."

వాక్యం ఎరిగిన ఇద్దరు ఆకలితో వాదించుకుంటే ఎంతసేపైనా పడుతుంది. చివరికి గేటు లోపలి నుంచే తెరుచుకుంది. యాదగిరి బనీనుతో నిలబడి ఉన్నాడు.

"కిటికీలకెళ్లి సూస్తనే ఉన్న. బెల్లు ఖరాబైందేమోనని నేనే వచ్చి కొట్టి సూద్దామనుకున్న. రాండ్రి లోపటికి."

సుగుణక్క మమ్మల్ని చూసి కాళ్లు కడుక్కోమంది. హాల్లో చాప పరిచి నాలుగు కంచాలు పెట్టింది. జొన్నరొట్టెలు, వంకాయ కూర, పల్లీల పొడి, పెరుగు. వడ్డించి, నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"సూడుండ్రి. ఇది దేవునికి పెట్టిన్నా, పెట్టలేదా అని నన్ను అడగొద్దు. అడిగితే అబద్ధం చెప్ప. అడగకుంటే చెప్పనే చెప్ప."

రూతు ముఖం వెలిగిపోయింది. అపొస్తలుడు రాసిపెట్టిన దారిని ఈమె ఒక్క వచనం చదవకుండానే పట్టుకుంది. రూతు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. నేను వంటింటి గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాను. అందుకే నాకు కనిపించింది. గూట్లో చిన్న దీపం, పటం, పటం ముందు విస్తరాకు ముక్క మీద ఒక జొన్నరొట్టె, కొంచెం వంకాయ కూర.

అడగలేదు. ఎవరూ చెప్పలేదు. కానీ తెలిసిపోయింది. కళ్లారా చూసినవాళ్లు ఏం చేయాలో అపొస్తలుడు రాయలేదు.

"కానియ్యి బిడ్డా," అన్నాడు యాదగిరి. "నువ్వు మొదలువెడ్తె గీమె సుత తింటది. పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలే. ఎదురుంగ పిల్లలు ఉపాసముంటె నాకు మింగుడు వడ్తదా అంటది. నేనైతె స్టేషన్ల మిర్చీలు తిన్న, నా సంగతి వేరే."

"నువ్వూకో," అంది సుగుణక్క. ఆమె కంచం ఖాళీగా ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మా మనస్సాక్షిని మేము కాపాడుకుంటే ఉపవాసం ఈమె మీద పడింది.

ప్రభువుకు మనసులో కృతజ్ఞత చెప్పి రొట్టె తుంచాను. అప్పుడు సుగుణక్క కూర్చుని తన కంచంలో వడ్డించుకుంది. రూతు వచ్చి నా పక్కన కూర్చుని ఆవురావురుమని తింది. ఆ పిల్లకు నేను చెప్పలేదు. తోటి విశ్వాసి మనస్సాక్షిని నొప్పించకూడదని కూడా వాక్యంలో ఉంది కదా.

మర్నాడు సుగుణక్క రొట్టెలు కట్టిచ్చి, "నా బిడ్డకు గర్భసంచిల గడ్డకు ఆపరేషనై రెండేండ్లాయె, ఇంకా సంతానం లేదు. నేను మా స్వామికి మొక్కిన. మీరు మీ ఆయనకు సుత చెప్పుండ్రి. జెర వివరంగ చెప్పుండ్రి," అంది. అక్కడే చేతులు పట్టుకుని ప్రార్థన చేశాం. ఈసారి రూతు చాలా మెల్లగా చేసింది.

మధ్యాహ్నం బండిలో రూతు సంఘంలో చెప్పాల్సిన సాక్ష్యం తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. "ప్రభువు మన మనస్సాక్షిని కాపాడి, నైవేద్యం కాని ఆహారం వేరే ఇచ్చాడు. ఇలా చెప్తే బావుంటుంది కదా అక్కా?"

బండి వికారాబాద్ అడవి దాటుతోంది. నోరు మూసుకుంటే కంబోడియా, తెరిస్తే బీఎడ్. మా సంఘంలో తెలిసి ప్రసాదం తిన్నవాళ్లను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికే రానివ్వరు, ఇక దేశాలు దాటించడం ఎక్కడ? అయినా దేవుడు చేసిన మేలుకు అబద్ధం అతికించి చెప్పడం నా వల్ల కాదనిపించింది.

"రూతూ, అది దేవుడి ముందు పెట్టిందే. నేను చూశాను. చూసే తిన్నాను."

రూతు చేతివేళ్లు చూసుకుంటూ అంది: "నేనూ చూశాను. చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు. నీ మనస్సాక్షి నొచ్చుకుంటుందని చెప్పలేదు."

ఇద్దరం నవ్వలేక, ఏడవలేక, కట్టిచ్చిన రొట్టెలు విప్పి తిన్నాం. అవి దేనివో ఈసారి ఇద్దరికీ తెలుసు.

సికింద్రాబాద్‌లో అమ్మగారు ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. మా శిక్షణ ఆమే చూస్తారు. చాలా ఏళ్లు కంబోడియాలో ఉండి వచ్చారు, మాట తక్కువ. యాప్రాల్ బస్సులో మా ముందు సీట్లో కూర్చుని, "చెప్పండి," అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాం. బెల్ దగ్గర నిలబడిన సంగతి కూడా చెప్పాం.

"తెలిసే తిన్నారా?"

"తెలిసే, అమ్మగారూ."

"ఆకలికా?"

"ఆకలి ఉంది," అన్నాను. "కానీ ఆమె కూడా తినలేదు. మేము మొదలుపెట్టకపోతే తినేలా లేదు."

అమ్మగారు కిటికీలోంచి కంటోన్మెంట్ గోడల వైపు తిరిగారు. నేను బీఎడ్‌కు మనసు సిద్ధం చేసుకున్నాను.

"అక్కడ మొదటి ఏడాది నేను ఎవరింట్లోనూ తినలేదు కృపా," అన్నారు చివరికి. "రెండో ఏడాది నన్నెవరూ పిలవలేదు."

బస్సు రెండు స్టాపుల్లో ఆగి కదిలింది.

"మీ ఇద్దరి కాగితాలు రేపు పంపుతాను. ఆదివారం సంఘంలో మాత్రం ఈ భోజనం సంగతి తేకండి."

"తప్పా, అమ్మగారూ?" అంది రూతు.

"తప్పు కాదు. మీకు ఏడాది శిక్షణ అయింది. మన పెద్దలకు ఇంకా మొదలుకాలేదు."

కాబట్టి సంఘంలో చెప్పకుండా ఇక్కడ రాస్తున్నాను. మా పెద్దలు ప్రార్థన చేసి నన్ను సముద్రాల అవతలికి పంపడానికి ఒప్పుకున్నారు. అల్వాల్‌లో బట్టల దుకాణం నడిపే ఒక అక్క చేతి రొట్టె దాకా పంపడానికి అడిగి ఉంటే ఒప్పుకునేవారు కాదు. దేవుడు వాళ్లతో సంప్రదించకుండా ముందు అక్కడికే పంపాడు.