బొమ్మకు పెట్టిన పేరు

ఖయెలిత్షా బస్టాండు దగ్గర గొర్రె తలకాయలు కాల్చి అమ్మే మారదేబె ప్రతి గిరాకీనీ ఒకటే అడిగేది: "అగ్గి పడితే మనుషుల్ని ఎలా కాపాడాలో మన దగ్గర ఎక్కడ నేర్పుతారు, తమ్ముడూ?" "నిప్పుల పక్కనే ఉంటావు, నువ్వే నేర్పరాదా అక్కా!" అని నవ్వేవారు. ఆమె మసి చేతులు తుడుచుకుని తరువాతి మనిషిని అడిగేది. మొన్న చలికాలంలో వాళ్ల వరసలో రేకుల ఇళ్లు అంటుకున్నాయి. ఆ గోలలో సందంతా నాన్నా, నాన్నా అనే అరుస్తోంది. ఆమె కూడా మామగారిని అలాగే పిలిచింది. మొద్దునిద్రలో ఉన్న ఆయన లేవలేదు. పొరుగువాళ్లు మోసుకొచ్చారు కాబట్టి బతికాడు.

చివరికి లైబ్రరీ హాల్లో శనివారం శిక్షణ దొరికింది. నేర్పే కుర్రాడు ఒక బొమ్మను నేలమీద పడుకోబెట్టి, "ఈయన పేరు జోంగెజిలే. భుజం తట్టి, పేరు పెట్టి గట్టిగా పిలువమ్మా" అన్నాడు. మారదేబె భుజం తట్టింది, నోరు తెరిచింది, మూసేసింది.

"బొమ్మ దగ్గర కూడా సిగ్గేనా?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"అది మా మామగారి పేరు. కోడలు నోట రాకూడదు."

హాల్లో ఉన్న కోడళ్లందరూ నవ్వు ఆపేశారు. కుర్రాడు తల గోక్కున్నాడు. "పోనీ, వేరే పేరు పెట్టనా?"

"అగ్గి పడినప్పుడు కూడా మారుస్తావా నాయనా?" అని, ఆమె కోడలు పలకదగిన మామగారి వంశం పేరు ఎత్తుకుంది. "భేలే! లే భేలే!"

టీ బల్ల దగ్గర ఇద్దరు భేలేలు ఉలిక్కిపడి తిరిగారు. "ఏంటమ్మా?"

"మిమ్మల్ని కాదు" అంది మారదేబె, మళ్లీ బొమ్మ భుజం తడుతూ. అంతలోనే తలెత్తింది. "సరే, మీరూ రండి. ఆయన బరువెక్కువ."