‘ఉండేది’ అన్నందుకు

ఉమ్మడి రాష్ట్రం నాటి మాట. అమ్మ పోయాక నాన్న ఒక్కసారి కూడా ఆమె ఊసెత్తలేదు. ఇంట్లో ఆ మౌనం భరించలేకే నేను సికింద్రాబాద్‌లో కౌన్సెలింగ్ శిక్షణలో చేరాను. సలహాలివ్వకూడదు, ఎదుటివాళ్లు చెప్పిన మాటనే తిరిగి వాళ్లకు వినిపించాలి అని అక్కడ నేర్పారు.

నా దగ్గరికి మొదటగా వచ్చినావిడది లాలాగూడ. కూతురు జ్వరంతో పోయి ఏడాది కావస్తోంది. కూర్చుంటూనే, “మా పిల్లకు చింతకాయ తొక్కంటే పానం” అంది.

నేర్చుకున్నట్టే, “పాపకు చింతకాయ తొక్కంటే అంత ఇష్టముండేదన్నమాట” అన్నాను.

ఆవిడ తలెత్తి నావైపు చూసింది. “ఉండేదేంది మేడం? ఇప్పుడు సుత ఇష్టమే.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఒక్క మాటతో ఆ పిల్లను నేను రెండోసారి చంపినట్టయింది.

ఆ సాయంత్రం మారేడ్‌పల్లిలో మా ఇంటికెళ్లాక, అన్నం తింటున్న నాన్నతో, “అమ్మకు కాకరకాయంటే ఇష్టం కదా నాన్నా” అన్నాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తలెత్తకుండానే అన్నాడు.

“వేపుడైతేనే తింటది.”