ఖాళీ సార్ చెప్పింది తప్పు కాదు

మెదక్‌లో నేను పనిచేసే జూనియర్ కాలేజీలో చదివినవాళ్లు ఖాళీ సార్ కథ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. శూన్యంలో ఏదో ఉందని పాఠం చెప్పి పిల్లల మార్కులు పోగొట్టిన ఫిజిక్స్ లెక్చరర్ అని. ఆ కథ అలా స్థిరపడటానికి కారణం నేను. ఆయన చెప్పింది తప్పు కాదని నాకు అప్పుడే తెలుసు.

మా దగ్గర వారం వారం బిట్ పేపర్ పెడతారు. పేపర్, దాని జవాబుల కీ రెండూ హైదరాబాద్ నుంచి వచ్చేవి. కీ వచ్చాక ఇక మాట ఉండదు. ఒక వారం, గాలి, వెలుతురు, అణువు ఏదీ లేకుండా తీసేసిన చోట ఏం మిగులుతుందని ప్రశ్న. కీలో ‘ఏమీ మిగలదు’ అని ఉంది. ఆయన తరగతిలో చాలామంది ‘శక్తి మిగులుతుంది’ అని పెట్టారు.

ఆయన వాళ్లకు చెరువు పోలికతో చెప్పారట. అంతటా క్షేత్రాలు పరచుకుని ఉంటాయి; కణాలని మనం పిలిచేవి వాటిలో లేచే అలలే. అలలు లేనంత మాత్రాన చెరువు ఎండినట్టు కాదు. పైగా ఈ చెరువు పూర్తిగా కదలకుండా ఉండలేదు. ఎంత ఖాళీ చేసినా కొంత కదలిక, కొంత శక్తి ఉండే తీరుతుంది. గాలి తీసేసిన చోట రెండు లోహపు రేకులను అతి దగ్గరగా ఉంచితే, విద్యుదావేశం లేకపోయినా అవి ఒకదానివైపు ఒకటి లాగబడతాయి. దాన్ని ప్రయోగాల్లో కొలిచారు కూడా. ఇదంతా నేనూ ఎమ్మెస్సీలో చదువుకున్నదే.

మార్కులు పోయాయని తల్లిదండ్రులు వచ్చారు. కాలేజీ నడిపే కరస్పాండెంట్ స్టాఫ్ రూమ్‌కే వచ్చి, ఫిజిక్స్‌లో సీనియర్‌ని కాబట్టి నన్ను తేల్చమన్నారు. కీ కరెక్టేనన్నాను.

అక్కడే ఉన్న ఆ లెక్చరర్ నావైపు తిరిగారు. "మీకు తెల్వదా సార్?"

"తెలుసు సార్. కానీ మార్కులు కీ ఇస్తది, మీ చెరువు ఇయ్యదు గదా."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ‘తెలుసు’ అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి ఆయన ఖాళీ సార్ అయ్యారు. ఆయన చెప్పే సీనియర్ ఇంటర్ తరగతులు నాకొచ్చాయి, ఆయనకు స్టడీ అవర్ కాపలా మిగిలింది. ఏడాది తిరగకముందే శంకరంపేటలో ఒక స్కూల్లో చేరిపోయారు.

ఈ మధ్య బస్టాండులో కనిపించారు. ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సిందన్నాను.

"పోనియ్యండ్రి సార్," అన్నారు. "గా బిట్టు మల్లొస్తే పిల్లలను ఏం పెట్టమంటరు?"

అంతలో బస్సు వచ్చింది, ఆయన ఎక్కేశారు.

ఇప్పుడు పేపర్లు మా కాలేజీలోనే తయారవుతున్నాయి. పోయిన వారం నా వంతు. అదే ప్రశ్న పెట్టి, కీలో ‘శక్తి మిగులుతుంది’ అని రాశాను. తరగతిలో ఒక్కరికీ ఆ మార్కు రాలేదు. అందరూ ‘ఏమీ మిగలదు’ అనే పెట్టారు. వాళ్లకు అలా అని పాఠం చెప్పింది నేనే.